సైకిలు కంప్యూటరు – కొలుచునవి, ఊహించునవి

సైకిలు త్రొక్కు వానికి రెండు సందేహములు సహజముగా కలుగును. ఎంత దూరము వచ్చితిని? ఎంత వేగముగా పోవుచున్నాను? మొదటి దానికి సమాధానము చెప్పు సాధనము నూరేండ్లకు పూర్వమే వచ్చినది. అమెరికాలో కర్టిస్ వీడర్ అను ఇంజనీరు 1895లో సైకిలు ముందుచక్రము వద్ద తగిలించు చిన్న లెక్కయంత్రమును రూపొందించెను. స్పోకునకు బిగించిన చిన్న మేకు, చక్రము తిరిగినపుడెల్ల, నక్షత్రమువంటి పళ్లచక్రమును ఒక పన్ను ముందుకు త్రోయును. దానితో కలిసి తిరుగు అంకెల చక్రములు దూరమును చూపును. అందులో బ్యాటరీ లేదు, తీగ లేదు.

నేడు హేండిలుపై అమర్చు సైకిలు కంప్యూటరు అరచేతిలో ఇమిడి, అనేక విషయములను చూపుచున్నది. వేగము, దూరము, ఎత్తు, వాలు, గుండె స్పందన, త్రొక్కుడు వేగము, వాట్లు, కేలరీలు – జాబితా పొడవైనది. కొన్ని వందల రూపాయలకు దొరకునది ఒకటి, అనేక వేలు పలుకునది మరొకటి. అంగడికి పోయిన విద్యార్థి గాని, విద్యార్థికి సలహా చెప్పవలసిన ఉపాధ్యాయుడు గాని తికమకపడుటలో వింత లేదు. అన్ని అంకెలును తెరపై ఒకే తీరున, ఒకే ధైర్యముతో కనబడును. కాని వాటిలో కొన్ని నిజముగా కొలిచినవి, కొన్ని కొలిచిన వాటినుండి లెక్కకట్టినవి, మరి కొన్ని కేవలము ఊహించినవి. ఏది ఏ జాతికి చెందినదో తెలిసినచో, దేనికి డబ్బు పెట్టవలెనో దానంతటదే తేలును.

అన్నిటికంటె చవుకైన సాధనముతో ప్రారంభించుట మంచిది. దానియందు స్పోకునకు బిగించిన ఒక చిన్న అయస్కాంతము, ఫోర్కునకు కట్టిన ఒక సెన్సారు ఉండును. సెన్సారులో సన్నని గాజు గొట్టము, దానిలో రెండు పలుచని ఇనుప రేకులు కలవు. వాటి కొనలు ఒకదానిపై నొకటి వచ్చినట్లుండును గాని తాకవు. అయస్కాంతము దగ్గరకు రాగానే రెండు రేకులును తాత్కాలికముగా అయస్కాంతములై ఒకదాని నొకటి ఆకర్షించుకొని తాకును. వలయము పూర్తియై విద్యుత్తు ప్రవహించును. అయస్కాంతము దాటిపోగానే రేకులు విడిపోవును. దీనినే రీడ్ స్విచ్చి అందురు. చక్రము ఒక చుట్టు తిరిగినచో ఒక విద్యుత్ స్పందన. కంప్యూటరు చేయు పని ఇంతే: స్పందనలను లెక్కపెట్టుట, రెండు స్పందనల నడిమి కాలమును కొలుచుట. నూతన రకములలో అయస్కాంతము లేకుండ చక్రపు ఇరుసుకే కట్టు సెన్సారులు వచ్చినవి. అవి తమతోపాటు చక్రము తిరుగుటను లోపలి సూక్ష్మ సాధనములచే గ్రహించును. ఉద్దేశ్యము మాత్రము ఒకటే, చుట్లు లెక్కించుట.

చుట్ల సంఖ్యనుండి దూరము రావలెనన్న చక్రపు చుట్టుకొలత తెలియవలెను. దానిని కంప్యూటరు కొలువలేదు, కొన్నవాడే చెప్పవలెను. ఇచ్చటనే మొదటి పొరపాటు జరుగును. పాతకాలపు పెద్ద సైకిలు చక్రము 28 అంగుళములది. దాని చుట్టుకొలత సుమారు 2 మీటర్ల 24 సెంటీమీటర్లు. పందెపు సైకిళ్లకు వాడు 25 మిల్లీమీటర్ల సన్నని టైరునకు సుమారు 2105 మిల్లీమీటర్లు. అంగడిలో ఆ 2105 అను అంకెతో అమర్చిన కంప్యూటరును తెచ్చి పెద్ద సైకిలునకు తగిలించినచో ఏమగును? ప్రతి చుట్టునకు 135 మిల్లీమీటర్లు లెక్కకు రాకుండ పోవును. నిజముగా 20 కి.మీ. త్రొక్కినవానికి తెరపై 18.8 మాత్రమే కనబడును. వేగము కూడ అదే నిష్పత్తిలో తగ్గును. కంప్యూటరులో లోపమేమియు లేదు. చెప్పిన అంకెతో అది సరిగనే గుణించినది.

చుట్టుకొలతను పట్టికలో చూచుట కంటె స్వయముగా కొలుచుట మేలు. ఏలయన అది టైరు వెడల్పును, గాలి ఒత్తిడిని, మనిషి బరువును బట్టి కొంత మారును. టైరులో ఎప్పటివలె గాలి నింపి, వాల్వు సరిగ క్రిందికి వచ్చునట్లు నిలిపి, నేలపై సుద్దతో గుర్తు పెట్టవలెను. సైకిలుపై కూర్చుండి, ఒకరు పట్టుకొనగా, తిన్నగా ఐదు చుట్లు ముందుకు నడిపి మరల గుర్తు పెట్టవలెను. రెండు గుర్తుల నడిమి దూరము 11 మీటర్ల 20 సెంటీమీటర్లు వచ్చినచో ఐదవ వంతు 2.24 మీటర్లు. ఒక చుట్టు మాత్రమే కొలిచినచో ఒక సెంటీమీటరు పొరపాటు అంతయు ఆ చుట్టుపైనే పడును. ఐదు చుట్లు కొలిచినచో అది ఐదింట పంచబడును. పాఠశాల ఆవరణలో అరగంటలో జరుపదగిన ఈ ప్రయోగము, కొలతలలో సగటు ఎందుకు తీయుదురో పుస్తకముకంటె బాగుగా బోధించును. ఈ చక్రముపై గంటకు 20 కి.మీ. వేగమన్న సెకనునకు రెండున్నర చుట్లు; కిలోమీటరునకు 446 చుట్లు.

చక్రముతో పనిలేక ఆకాశమునుండి దూరము తెలిసికొను మార్గము జి.పి.ఎస్. భూమిపై సుమారు 20,200 కి.మీ. ఎత్తున తిరుగు ఉపగ్రహములు కాలసంకేతములను పంపుచుండును. సంకేతము వచ్చుటకు పట్టిన కాలమును బట్టి ఉపగ్రహము ఎంత దూరమున నున్నదో తెలియును. నాలుగు ఉపగ్రహముల సంకేతములు చిక్కినచో స్థానము నిర్ణయించవచ్చును. 2000 మే 2వ తేదీ వరకు అమెరికా ప్రభుత్వము పౌరులకు అందు సంకేతములలో బుద్ధిపూర్వకముగా తప్పును చేర్చుచుండెను. ఆ తప్పు నూరు మీటర్ల వరకు ఉండెడిది. దానిని తొలగించిన పిమ్మటనే జి.పి.ఎస్. సైకిలుపై ఉపయోగపడదగిన సాధనమైనది. తెరపి ఆకాశము క్రింద నేడు తప్పు సాధారణముగా కొన్ని మీటర్లే.

కొన్ని మీటర్ల తప్పు తిన్నని రహదారిపై లెక్కలోనిది కాదు. ఘాట్ రోడ్డుపై కథ వేరు. కొన్ని పరికరములు జ్ఞాపకశక్తిని పొదుపు చేయుటకు ప్రతి సెకను గాక కొన్ని సెకనుల కొకసారి స్థానమును నమోదు చేయును. పది మీటర్ల వ్యాసార్ధము గల మలుపులో గంటకు 20 కి.మీ. వేగమున పోవువాడు ఐదు సెకనులలో సుమారు 28 మీటర్ల చాపమును దాటును. నమోదైన రెండు బిందువులను గీతతో కలిపినచో ఆ జ్యా పొడవు 20 మీటర్లకు లోపే. ఎనిమిది మీటర్లు లోయలోనికి జారిపోయినట్లే! కనుక సెకనునకొకసారి నమోదు చేయు ఏర్పాటు ఉన్నదో లేదో కొనునపుడే అడిగి తెలిసికొనవలెను. దట్టమైన చెట్లు, ఎత్తైన భవనములు, వంతెనలు కూడ సంకేతములను అడ్డగించును లేదా త్రిప్పి పంపును. హైదరాబాదులో బాహ్యవలయ రహదారి ప్రక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన సుమారు 23 కి.మీ. సైకిలు మార్గమునకు చాల మేర సౌరఫలకములే పైకప్పు. ఎండనుండి కాపాడు అట్టి కప్పు ఆకాశమును కూడ కొంత మరుగుపరచును. అట్టిచోట చక్రపు సెన్సారే నమ్మదగినది. ఇంటిలో నిలుపు చక్రముపై సాధన చేయువానికి జి.పి.ఎస్. బొత్తిగా పనికిరాదని వేరుగ చెప్పనక్కరలేదు. అతడు ఎన్ని గంటలు త్రొక్కినను స్థానము మారదు.

ఎత్తును కొలుచుటలో జి.పి.ఎస్. మరింత బలహీనము. ఉపగ్రహములన్నియు తల మీదుగా నుండునే గాని కాళ్ల క్రింద నుండవు. కావున నిలువు దిశలో తప్పు ఎక్కువ. మంచి కంప్యూటర్లలో ఇందుకై చిన్న వాయుపీడన మాపకము కూడ అమర్చెదరు. సముద్రమట్టము దగ్గర ఎనిమిదిన్నర లేక తొమ్మిది మీటర్లు పైకి పోయినచో పీడనము ఒక మిల్లీబారు తగ్గును. ఒకటి రెండు మీటర్ల ఎత్తును కూడ ఇది పసిగట్టగలదు. కాని పీడనము ఎత్తువలననే మారదు, వాతావరణమువలన కూడ మారును. ఉష్ణమండలములో ప్రతిదినము ఉదయము పది గంటల ప్రాంతమున పీడనము హెచ్చుగను, సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున తగ్గుగను ఉండును. ఈ భేదము సుమారు మూడు మిల్లీబారులు. అనగా పది గంటలకు గోడకు చేరవేసిన సైకిలు, ఎవరును ముట్టుకొనకయే, నాలుగు గంటలకు పాతిక మీటర్ల ఎత్తు ఎక్కినట్లు కంప్యూటరు చూపగలదు. వాయుగుండము సమీపించు దినములలో ఇంకను ఎక్కువ. ఎత్తు తెలిసిన స్థలమునుండి బయలుదేరునపుడు ఆ అంకెను సరిచేసికొనుట ఇందుకే.

ఇంతవరకు చెప్పినది దూరము, వేగము, ఎత్తు. నిత్యము పాఠశాలకు గాని కార్యాలయమునకు గాని పోయివచ్చువానికి ఇంతకు మించి అక్కరలేదు. అందునను దూరము, వేగము చాలును. తీగతో కూడిన అయస్కాంతపు కంప్యూటరు బొత్తామువంటి చిన్న బ్యాటరీతో సామాన్యముగా ఏడాదియైనను పనిచేయును. వర్షమునకు వెరవదు, పోయినను పెద్ద నష్టము లేదు. రంగుల పటములు చూపు తెరలు దారి తెలియని ఊళ్లలో ఉపయోగమే. దినమును పోవు దారిలో అవి అలంకారము మాత్రమే.

సాధనకై కొనువాని సమస్య ఇంకొకటి. అతడు తెలిసికొనగోరునది సైకిలు ఎంత వేగముగా పోయినది కాదు, తాను ఎంత శ్రమించినది. ఈ రెండును ఒకటే యని చాలమంది భావింతురు. అట్లు కాదని ఒక లెక్క చూపును. మనిషి, సైకిలు కలిసి 80 కిలోలు అనుకొందురు గాక. నిటారుగా కూర్చుండి సమతలమున గాలి లేనపుడు గంటకు 20 కి.మీ. వేగమున పోవుటకు సుమారు 75 వాట్ల సామర్థ్యము చాలును. 30 కి.మీ. వేగమునకు సుమారు 200 వాట్లు కావలెను. వేగము ఒకటిన్నర రెట్లే పెరిగినది, శ్రమ రెండున్నర రెట్లు దాటినది. గాలి నిరోధము వేగపు వర్గమును బట్టి పెరుగుటయే దీనికి కారణము. ఇక గంటకు 10 కి.మీ. ఎదురుగాలి వీచినచో, అదే 20 కి.మీ. వేగమునకు దాదాపు 140 వాట్లు పట్టును. నూటికి ఐదు వంతుల ఎగువలో గంటకు 12 కి.మీ. మాత్రమే పోవుచున్నను 155 వాట్లకు పైగా వెచ్చింపవలెను. తెరపై 12 చూచి సిగ్గుపడువాడు, 20 చూచి గర్వించువానికంటె రెట్టింపు పనిచేయుచున్నాడు.

కావున వేగమును చూచి సాధన చేయువాడు గాలిని, వాలును చూచి సాధన చేయుచున్నట్లే. పోవునపుడు ఎదురుగాలిలో వేగము నిలుపుకొనుటకై శక్తికి మించి త్రొక్కును. వచ్చునపుడు వెనుకగాలిలో విశ్రాంతి తీసికొనుచునే బాగుగా శ్రమించితినని తలంచును. ఇట్లు నెలల తరబడి శ్రమ వ్యర్థమగుట కలదు. ఒక్కొక్కసారి అతిశ్రమవలన మోకాళ్లు నొచ్చుటయు కలదు.

శ్రమను తెలుపు చవుకైన సాధనము గుండె స్పందనను కొలుచు పట్టీ. రొమ్మునకు కట్టు పట్టీ గుండె కండరములనుండి పుట్టు స్వల్ప విద్యుత్ సంకేతములను పట్టుకొనును. మణికట్టున ధరించునవి చర్మముపై కాంతిని ప్రసరింపజేసి రక్తపు హెచ్చుతగ్గులను గమనించును. హేండిలు గట్టిగా పట్టుకొని గతుకులలో పోవువానికి మొదటిదే ఎక్కువ నమ్మకమైనది. అయితే గుండె వెంటనే జవాబు చెప్పదు. ఎగువ ప్రారంభమైన అరనిమిషమునకో, నిమిషమునకో దాని స్పందన సరియైన స్థాయికి వచ్చును. ఎండవేడిమిలో అదే శ్రమకు గుండె మరింత వేగముగా కొట్టుకొనును, చర్మమునకు కూడ రక్తము పంపవలసియుండుట చేత. మేనెలలో విజయవాడలోను, డిసెంబరులో అదే ఊరిలోను ఒకే స్పందన సంఖ్య ఒకే శ్రమను తెలుపదు. ఇక 220 నుండి వయస్సును తీసివేసి గరిష్ఠ స్పందనను లెక్కకట్టు సూత్రము పలు కంప్యూటర్లలో ముందుగానే అమర్చబడియుండును. అది జనుల సగటునకు సంబంధించినది. ఒక్కొక్క వ్యక్తి విషయమున పది పన్నెండు స్పందనల తేడా సామాన్యము. దానిపై కట్టిన సాధన పట్టికలను ఆ మేరకే నమ్మవలెను. గుండె జబ్బు అనుమానమున్నవారు మొదట పోవలసినది అంగడికి కాదు, వైద్యుని వద్దకు.

శ్రమను సూటిగా కొలుచు సాధనము సామర్థ్య మాపకము. జర్మను ఇంజనీరు ఉల్రిక్ షోబెరర్ 1986లో సైకిలు క్రాంకులో అమర్చు మాపకమును రూపొందించెను. దానిలోని రహస్యము సులభమైనది. కాలితో త్రొక్కినపుడు క్రాంకు లోహము కంటికి కనరానంత స్వల్పముగా వంగును. లోహమునకు అతికించిన సన్నని రేకు తీగ కూడ సాగును. సాగిన తీగ విద్యుత్ నిరోధము పెరుగును. ఆ పెరుగుదలనుండి త్రిప్పు బలము, అనగా టార్కు, తెలియును. దానిని కోణీయ వేగముచే గుణించినచో సామర్థ్యము వచ్చును. సగటున 18 న్యూటన్ మీటర్ల టార్కుతో నిమిషమునకు 80 సార్లు త్రొక్కువాడు సుమారు 150 వాట్లు ఉత్పత్తి చేయును. గాలి ఎట్లు వీచినను, దారి ఎట్లు వాలినను ఈ అంకె మోసగింపదు. మంచి మాపకములలో తప్పు నూటికి ఒకటి రెండు వంతులని తయారుచేయువారు తెలుపుదురు. ఒక కాలివైపు మాత్రమే కొలిచి రెట్టింపు చేయు చవుక రకములు కలవు. రెండు కాళ్లును సమానముగా త్రొక్కువారు అరుదు కావున వాటి అంకెను ఇతరుల అంకెతో పోల్చుట తగదు. నిన్నటి తన అంకెతో పోల్చుకొనుటకు బాగుగనే పనికివచ్చును. ఉష్ణోగ్రతను బట్టి లోహము మారును గనుక బయలుదేరుటకు ముందు సున్నను సరిచేయుట మరువరాదు. వెల మాత్రము సాధారణ సైకిలు వెలను మించిపోవును. వారమునకు మూడు నాలుగు దినములైనను క్రమపద్ధతిలో సాధన చేయనివాడు దీనిని కొనుట, పంచాంగము చూడనివాడు గడియారము రత్నములతో చేయించుకొనుట వంటిది.

కేలరీల సంగతి వేరుగ చెప్పవలెను. తెరపై కనబడు అంకెలలో అన్నిటికంటె ఎక్కువగా నమ్మబడునదియు, అన్నిటికంటె తక్కువగా నమ్మదగినదియు ఇదే. కేవలము వేగమునుండి కేలరీలు చూపు కంప్యూటరు గాలిని ఎరుగదు, వాలును ఎరుగదు; అది ఊహించుచున్నది. సామర్థ్య మాపకమున్నచో లెక్క చాల దగ్గరగా వచ్చును. మానవ శరీరము ఆహారశక్తిలో దాదాపు నాలుగవ వంతును మాత్రమే పెడళ్లకు అందించును, మిగిలినది వేడియగును. ఒక కిలోకేలరీ 4.18 కిలోజౌళ్లు. ఈ రెండు సంఖ్యలును చాలవరకు ఒకదానికొకటి సరిపోవుటచే, చేసిన పని ఎన్ని కిలోజౌళ్లో ఖర్చైన ఆహారశక్తి ఇంచుమించు అన్ని కిలోకేలరీలు. ఉదాహరణకు విశాఖపట్టణము సముద్రతీరమునుండి 900 మీటర్ల పైచిలుకు ఎత్తుననున్న అరకు లోయకు పోవువాడు, 80 కిలోల బరువును అంత ఎత్తునకు చేర్చుటకే 700 కిలోజౌళ్ల పని చేయవలెను. అనగా ఎత్తుటకే సుమారు 700 కిలోకేలరీలు. గాలి, రాపిడి, దారిలో దిగి మరల ఎక్కుటలు దీనికి అదనము. మాపకము లేనివాడు కూడ ఈ లెక్కను కాగితముపై చేసికొనవచ్చును.

దూరప్రయాణములకు పోవువారు మొదట బ్యాటరీ చూడవలెను. బ్రెవె అను పేర 200 నుండి 600 కి.మీ. వరకు నిర్ణీతకాలములో ముగింపవలసిన సవారీలు హైదరాబాదు మొదలగు నగరములనుండియు జరుగుచున్నవి. 600 కి.మీ. సవారీకి గడువు 40 గంటలు. పదిహేను గంటలు పనిచేయు జి.పి.ఎస్. కంప్యూటరు రెండవ రాత్రికి పూర్వమే కన్నుమూయును. త్రొక్కుచుండగనే చార్జి చేయు వీలున్నదా, వానలో ఆ రంధ్రము తెరచినచో నీరు దిగునా యని విచారింపవలెను. ఫోనునే కంప్యూటరుగా వాడువారును కలరు. అప్పుడప్పుడు పోవువానికి అది చాలును. కాని ఎండలో పెద్ద తెర మసకబారును, వేడెక్కును, బ్యాటరీ త్వరగా తరుగును; అవసరమునకు ఇంటికి మాట్లాడుటకు ఫోను మిగులదు.

సెన్సారులు వేరుగా కొనునపుడు కంప్యూటరుతో ఒకే భాషలో మాటాడునో లేదో చూచుకొనవలెను. ఆంట్ ప్లస్, బ్లూటూత్ అను రెండు రేడియో పద్ధతులు వాడుకలో కలవు. ఒక్కటే తెలిసిన కంప్యూటరుకు రెండవదే తెలిసిన పట్టీ కట్టినచో అది మూగదే. సవారీల దారులను అంతర్జాలములో పంచుకొనువారు ఇల్లు ఎచ్చట నున్నదో కూడ పంచుకొనుచున్నామని గుర్తుంచుకొనవలెను. స్ట్రావా సంస్థ వెలువరించిన ప్రపంచ పటములో సైనిక స్థావరములలో వ్యాయామము చేసినవారి దారులు కూడ వెలుగుచున్నవని 2018 జనవరిలో బయటపడి పెద్ద అలజడి కలిగెను. ఇంటి చుట్టుప్రక్కల భాగమును మరుగుపరచు ఏర్పాటును వాడుకొనుట మంచిది.

కొన్న పిమ్మట మొదటి ఆదివారము చేయవలసిన పని ఒకటి కలదు. రహదారిపై కిలోమీటరు రాళ్లు సక్రమముగా ఉన్న చోట ఐదు కిలోమీటర్లు త్రొక్కి తెరను చూడవలెను. రోడ్డు వెడల్పు చేసినపుడు రాళ్లు అటునిటు జరుగుట కలదు కావున ఒక్క కిలోమీటరును నమ్మరాదు. ఐదింటికి బదులు 4.70 కనబడినదనుకొందురు గాక. కంప్యూటరులో ఉన్న చుట్టుకొలత 2105 అయినచో దానిని ఐదుచే గుణించి 4.70చే భాగించిన 2239 వచ్చును. సుద్దగుర్తులతో కొలిచిన 2240కి ఒక్క మిల్లీమీటరు తక్కువ. ఆ అంకెను లోపల అమర్చి, తిరుగుదారిలో అవే రాళ్లను మరల లెక్కపెట్టుచు ఇంటికి రావచ్చును.